మెడలో ఇరుకు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి,

నీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ చెల్లెమ్మా అక్కడ క్షేమమని తలుస్తాను. తలచక ఏం చేస్తాను, ఏడాదిగా నువ్వొక ముక్క రాస్తే కదా తెలిసేది. నేనూ రాయలేదనుకో. లేచి వెళ్ళమన్నది నేను కాబట్టి ముందు రాయాల్సిందీ నేనేనని నాకే అనిపించింది. ఆ మాట చెబితే మీ అక్క కళ్ళు పెద్దవి చేసుకుని నావంక చూసింది.

ఆ రోజు భోజనాల దగ్గర మన తగువు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. మీ అక్కది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని, ఒంటిని కాపాడాల్సిన బలగమే దారి తప్పి మెదడులో, వెన్నులో నరాల మీది పొరను తినేస్తోందని పెద్ద డాక్టరు చెప్పారు. ఎందుకలా అని అడిగితే ఆయనకూ సరిగ్గా తెలియదన్నారు. ఎందుకో తెలియని జబ్బుతో నేనెలా పోట్లాడేది? అప్పుడే ఆ ఇంకో డాక్టరు దొరికాడు. మెడలోని రక్తనాళాలు ఇరుకైపోయి, మెదడు నుంచి దిగాల్సిన రక్తం దిగక వెనక్కి తన్నుతోందని, అందులోని ఇనుము అక్కడే పేరుకుని నరాలను చెడగొడుతోందని బొమ్మ గీసి చూపించాడు. ఆ బొమ్మ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచి గొట్టాలు బిగించేవాణ్ణి. కింద గొట్టం పూడితే పైన గోడ చెమ్మగిల్లుతుంది. గోడకు ఎన్ని పూతలు పూసినా లాభం లేదు, గొట్టం బాగుచెయ్యాలి.

నువ్వేమో స్కానింగు గదిలో రోజూ మనుషుల లోపలి బొమ్మలు తీసేవాడివి. ఏ జబ్బూ లేనివాళ్ళ మెడల్లో కూడా అలాంటి ఇరుకులు బోలెడు ఉంటాయన్నావు. కొందరికి నిజంగా తెరిచి, కొందరికి తెరిచినట్టు నటించి పోల్చి చూస్తే తేడా ఏమీ లేదని తేలిందన్నావు. నేను వింటేనా! గొట్టాల సంగతి నాకు చెప్పకు, లేచి వెళ్ళమన్నాను. నువ్వు సగం తిన్న పళ్ళెం వదిలేసి వెళ్ళిపోయావు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటానని మీ అక్క ఆ రోజంతా సాధించింది.

సరే, ఇప్పుడు విను. నువ్వు వెళ్ళాక నాళంలోకి చిన్న బెలూను పంపి ఆ ఇరుకు తెరిపించాం, మర్నాడే మీ అక్క కాళ్ళలో బరువు తగ్గిందంది. చేతికర్ర మూలన పడేసింది. నేను పని నుంచి వచ్చేసరికి చక్కగా తల దువ్వుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంటుంది. నన్ను చూడగానే లేచి, తనే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిస్తుంది. గ్లాసులో సగం దారిలోనే తొణికిపోతాయి, అయినా తనే తేవాలి. మునుపటిలా నామీద అరుస్తోంది కూడా, అది మటుకు నాకు పరమానందం. మొన్న ఎదురింటి టైలరమ్మ, మీ ఆవిడకు నయమైనట్టుందే, ఏం మందు వాడారని అడిగింది. సంతోషంగా చెప్పబోయి, ఎందుకో పనికి ఆలస్యమవుతోందని వచ్చేశాను.

ఇంట్లో వేరే విశేషాలేం లేవు. వంటింటి కొళాయి కారుతోంది. అందరి కొళాయిలూ బాగుచేసేవాడి ఇంట్లో అది మామూలేగా. స్నానాలగదిలో మాత్రం తువ్వాళ్ళు వేసుకోవడానికి కొత్త కడ్డీ ఒకటి బిగించాను.

అసలు సంగతి ఇది. ఈమధ్య తనకు కాస్త నలతగా ఉంటోంది. తెరిచింది మళ్ళీ ముడుచుకుని ఉంటుందని ఆ డాక్టరు అంటున్నాడు. ఈసారి లోపల సన్నటి జాలీ గొట్టం ఒకటి అమరిస్తే ఇక ముడుచుకోదట. అది జారితే గుండెలోకి పోతుందని అప్పట్లో నువ్వు భయపెట్టావు. చాలా అరుదని ఆయన అన్నాడు. అరుదంటే ఎంత అరుదో నేను అడగలేదు. పై శుక్రవారం ప్రయాణం. నువ్వు వద్దంటావని తెలుసు. అయినా నీకు చెప్పకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు. చెప్పాను, అంతే. గురువారం దాకా ఇంట్లోనే ఉంటాం.

కింద మీ అక్క కూడా రెండు మాటలు రాస్తుందట. చేతికి పట్టు వచ్చిందో లేదో ఆ రాత చూసి నువ్వే చెప్పు. చెల్లెమ్మకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మూడుకాళ్ళ కుందేలును ఇంకా వదలని
నీ బావ

తా.క.: తమ్ముడూ, మీ బావ కవరు కొనడానికి వెళ్ళారు. ఆయన వచ్చేలోగా ఇది ముగించాలి. వచ్చినా చదవరులే, అక్కాతమ్ముళ్ళ మధ్య తల దూర్చడం ఆయనకు గిట్టదు.

ఈ వంకర అక్షరాలు చూశావుగా. నాకేమీ నయం కాలేదురా. మొదట్లో కాళ్ళు తేలికైనట్టు నిజంగానే అనిపించింది. వారం తిరక్కుండానే ఆ తేలిక పోయింది. అప్పటికే ఆయన పనికెళ్ళిన ఇంటింటా చెప్పుకుని వచ్చారు. ఆ ముఖం చూసి నోరు విప్పలేకపోయాను. ఆయన కళ్ళముందు నడిచే ఆ నాలుగడుగుల కోసం పొద్దుటి నుంచి పడుకుని ఓపిక దాచుకుంటాను. ఇప్పుడా అబద్ధమే నా మెడకు చుట్టుకుంది.

ఆయనకు తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తువ్వాళ్ళ కడ్డీ అని రాశారు చూడు. నిన్న స్నానాలగదిలో కాళ్ళు తేలిపోతే దాన్నే పట్టుకున్నాను. ఒళ్ళంతా దానిమీద వేసినా కదల్లేదు. అప్పుడు తేరిపార చూశాను. నీళ్ళ గొట్టమంత లావు, గోడలోకి లోతుగా దిగిన బోల్టులు, సరిగ్గా నా చెయ్యి అందే ఎత్తు. రెండు తువ్వాళ్ళకు అంత కడ్డీ ఎవరైనా బిగిస్తారా? తువ్వాళ్ళు ఇప్పటికీ తలుపు మేకుకే వేలాడుతున్నాయి.

ఆయనకు తెలుసురా. నేను వద్దంటే ఆశ వదులుకున్నాననుకుంటారని నాకు భయం. తను వద్దంటే నన్నే వదులుకున్నారని నేననుకుంటానని ఆయనకు భయం. ఇలా ఒకరికొకరం జంకుతూనే ఆ శుక్రవారం రైలెక్కేస్తాం. ఏడాదిగా నీ ఊసెత్తని మనిషి సరిగ్గా ప్రయాణం ముందు నీకు ఉత్తరం ఎందుకు రాశారో ఆలోచించు.

గురువారంలోగా రా. ఆ వద్దన్న మాట నువ్వే అను. ఇంకోసారి చెడ్డవాడివి అనిపించుకో. ఆయన నిన్ను తిడతారు, ఆయన కోసం నేనూ తిడతాను. ఈసారి మాత్రం భోజనం ముగిసేదాకా లేవకు.