తొడిమ ఉన్న కాయ

ఏటుకూరు, జనవరి

ప్రియమైన జక్రయ్యకి,

మీ పెద్దమ్మ ఆదెమ్మ దీవించి రాయునది. ఫోనులో నీ గొంతు వింటే మా మార్కే మాట్లాడినట్టుండి నాకు నోరు పెగలడంలేదురా. అందుకే రాస్తున్నా. అయిదో తరగతి చదువు, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

యుద్ధంలో కూలిపోయిన ఊళ్ళకి మన దేశం ఇళ్ళు కట్టిస్తోందని నువ్వూ మార్కూ కలిసే శ్రీలంకకి తాపీ పనికెళ్ళారు. వాడు జ్వరమొచ్చి పోయాడు. కరోనాకి విమానాలు ఆగిపోయి నా బిడ్డని అక్కడే మట్టి చేశారు. ఈస్టరు తెల్లవారుజామున మన సమాధుల తోటలో అందరూ తమవాళ్ళకి సున్నాలేసి, పూలు పెట్టుకుని, పాటలు పాడుకుంటారు. నేను మీ పెదనాన్న సమాధి ఒక్కదాని దగ్గరే నిలబడతా. ఆ పక్కన మార్కుకి చోటు ఉంచా. ఈ ఈస్టరుకల్లా వాడి ఎముకలైనా తెచ్చిపెట్టు. కాయితాలేం కావాలో కనుక్కో.

ఇంకో మాట. మా షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాగా, లంకకెళ్ళే సరుకు లాటు వస్తే నేను ముట్టుకోను. "ఏందమ్మో, లంక కాయ చేతులు ఎక్కువ మండిస్తదా?" అని మేస్త్రి వీరబాబు ఎగతాళి. చేసుకోనీ. నా నెత్తిన ఇంకా రేకులే ఉన్నాయి. అక్కడెవరికో గోడలు లేపడానికి నా కొడుకే దొరికాడా? వాళ్ళకి ఇల్లొచ్చింది. మనకేమొచ్చింది?

మీ పెద్దమ్మ,
ఆదెమ్మ

*

వవునియా దగ్గర నుంచి, ఫిబ్రవరి

ప్రియమైన పెద్దమ్మా,

వందనాలు. నీ ఉత్తరం అందరి ముందూ చదవలేక బావి దగ్గరికెళ్ళి చదువుకున్నా. కాయితాల పని చూస్తున్నాను, కొంచెం టైము పట్టేట్టుంది.

మార్కు ఆఖరుగా కట్టిన ఇల్లు పూమణి అక్కది. తమిళావిడ. యుద్ధం అయిపోయాక కూడా ఏళ్ళ తరబడి టార్పాలిను పట్టా కింద బతికింది. ఇప్పుడు వంటిల్లుంది. వంటిల్లొచ్చాక మనిషి ఊరుకుంటుందా పెద్దమ్మా? సంతకెళ్ళి మిరపకాయలు తెచ్చుకుంది. కొట్లో గోతం మీద గుంటూరు అని ఉంటే నాకు మన ఊరు కనబడినట్టయింది. ఆవిడ మాట నాకిప్పుడు బాగానే తెలుస్తుంది. "ఏం తంబీ, మీ ఊరి ఆడాళ్ళకి తొడిమ తీయడం రాదా?" అని ఒక కాయ నా ముక్కు ముందు ఆడించింది. "మా పెద్దమ్మ చేతిది కాదులే అక్కా, ఆమెదైతే తొడిమ ఉండదు" అన్నా.

నీ బిడ్డ,
జక్రయ్య

*

ఏటుకూరు, మే

ప్రియమైన జక్రయ్యా,

ఈస్టరు వచ్చింది, పోయింది. మీ పెదనాన్నకి సున్నం వేసి, పక్కనున్న ఉత్త నేల మీద కూడా కాసిన్ని బంతిపూలు పోసొచ్చా.

లంక లాట్లు ఆగిపోయాయి. అక్కడ డబ్బుకి కటకటై సరుకు కొనడంలేదట. షెడ్డు సగం ఖాళీ. మొదట్లో నాకు బాధనిపించలేదు, అబద్ధమెందుకు. కానీ నా పక్కన కూర్చునే నస్రత్‌కి పని పోయింది. "అక్కా, ఆళ్ళ పొయ్యి ఆరిపోతే మన పొయ్యి కూడా ఆరిందే" అంది, పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోతా. ఆ మాట నన్ను వదలడంలేదు.

అది సరే. మార్కు సంగతి ఎందుకు దాటేస్తున్నావు? అసలు సమాధి ఉందా? గొడ్లు తొక్కి నేలమట్టమైందా? ఉన్నదున్నట్టు చెప్పరా, తట్టుకుంటా.

మీ పెద్దమ్మ,
ఆదెమ్మ

*

వవునియా దగ్గర నుంచి, ఆగస్టు

ప్రియమైన పెద్దమ్మా,

ఆలస్యానికి కోప్పడకు. ఇక్కడ డీజిలు లేదు, గ్యాసు లేదు, మందులు లేవు. మన దేశం నుంచి ఓడల్లో బియ్యం, మందులు వచ్చాక జనం కాస్త తేరుకున్నారు. కొట్లు తెరుస్తున్నారు. మళ్ళీ మిరపకాయలు అడుగుతున్నారు.

కాయితాలు ఎప్పుడో వచ్చాయి పెద్దమ్మా. ఈస్టరుకి ముందే గడ్డపార పట్టుకుని సమాధి దగ్గరికెళ్ళా. తెల్లగా ఉంది. మన తోటలో ఏ సమాధీ అంత తెల్లగా ఉండదు. పూమణి అక్క కుంచె పట్టుకుని అక్కడే కూర్చునుంది. ఆవిడ కొడుకులిద్దరూ యుద్ధంలో పోయారు. ఎక్కడ పోయారో, ఎవరు పూడ్చారో తెలీదు. సున్నం వేసుకోడానికి ఆవిడకి ఒక్క సమాధీ లేదు. అందుకని వాళ్ళ పుట్టినరోజులకి మన మార్కుకి వేస్తుంది. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి కూడా కాదు.

గడ్డపార చూసింది. లేచి పక్కకి జరిగింది. "వాళ్ళమ్మ అడిగిందా? అయితే తీసుకెళ్ళు తంబీ" అంది.

తవ్వడానికి నాకు చేతులు రాలేదు. నువ్వు ఊఁ అంటే మాత్రం రేపే తవ్విస్తా. నువ్వే చెప్పు.

నీ బిడ్డ,
జక్రయ్య

*

ఏటుకూరు, మార్చి

ప్రియమైన జక్రయ్యా,

జవాబు రాయడానికి నాకిన్ని నెలలు పట్టింది. తీసుకురా అని రాసి చించేశా, మళ్ళీ రాసి మళ్ళీ చించేశా.

తవ్వొద్దు. వాణ్ణి అక్కడే ఉండనీ. నా కొడుకు ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఆ తల్లికి అదీ తెలీదు.

మనకేమొచ్చింది అన్నాను కదా. లంక లాట్లు మళ్ళీ వస్తున్నాయి. నస్రత్ పనిలోకొచ్చి నా పక్కనే కూర్చుని పొద్దస్తమానం వాగుతోంది. చెవులు చిల్లులు పడుతున్నాయనుకో, అయినా హాయిగానే ఉంది. "లంక కాయ ముట్టనన్నావుగా?" అన్నాడు వీరబాబు. "నా కొడుకు కట్టిన వంటింట్లోకి పోయే కాయరా, నేను గాక ఎవరు బాగుచేస్తారు?" అన్నా. గోతం నా ముందుకు తోసి పోయాడు.

పూమణి పిల్లల పేర్లు రాసి పంపు. మీ పెదనాన్న పక్కన ఆ చోటు ఖాళీగానే ఉందిగా. ఈ ఈస్టరుకి అక్కడ సున్నంతో రెండు గళ్ళు గీసి ఇద్దరికీ చెరో కొవ్వొత్తి పెడతా. పాస్టరు గారు కాసేపు తల గోక్కుని, ప్రార్థన తనే చేస్తానన్నారు. ఆ మాట ఆవిడకి నువ్వే నిదానంగా చెప్పు.

ఇంకోటి. తొడిమ ఉన్న కాయ నా చేతిది కాదని గొప్పగా చెప్పావు. ఇకమీదట అది నాదే. లంక లాటులో కూర్చున్నప్పుడల్లా ఒక్క కాయకి తొడిమ అట్టాగే ఉంచేస్తున్నా. ఏ గోతం ఏ ఊరికి పోతుందో నాకేం తెలుసు? వీరబాబు చూస్తే తిడతాడు. ఎప్పుడైనా ఆవిడ చేతికి తొడిమతో కాయ తగిలితే మా ఊరి ఆడాళ్ళని తిట్టుకోవద్దను. నేను పలకరించాననుకోమను.

మార్కు వాళ్ళమ్మ,
ఆదెమ్మ