కొలవని నడుము

ఆత్మకూరు,
23 జూన్ 2024

ప్రియమైన బావకు,

సారా వందనాలు. ఫోన్లో మాట్లాడితే మూడో మాటకే ఇద్దరికీ కోపం వస్తా ఉండాది. అందుకే రాస్తా ఉండాను. రాసేటప్పుడు నువ్వు మధ్యలో అడ్డం రాలేవు గదా. ఉదయగిరి బస్సు డ్రైవరన్న చేతికిచ్చి పంపుతాను. నువ్వూ అట్లాగే పంపు.

మన పిల్ల సుస్మితకు ఇంటర్ క్లాసులు మొదలైనాయి. రూము చిన్నదే గానీ గాలి వస్తుంది. నేను చేరిన షాపు నెల్లూరు రోడ్డులో ఉండాది. వ్యాన్లకి, చిన్న లారీలకి డ్రైవరు సీట్లు మాత్రమే చేస్తారు. ఓనరు పేరు హర్ష. మద్రాసు దగ్గర సీట్ల కంపెనీలో పదేళ్ళు పనిచేసి వచ్చినాడు. మొదటిరోజే హర్ష సార్ ఒక పాత సీటు కోసి చూపించినాడు. లోపల స్పాంజి నలిగి నలిగి అట్టలాగా అయిపోయుండాది. దాని మీద కూర్చుంటే మనిషి కిందికి కుంగిపోతాడు, నడుము వెనకాల చెయ్యి దూరేంత ఖాళీ మిగులుతుంది. నొప్పి ఆ ఖాళీలోనే పుడుతుందని హర్ష సార్ అంటాడు. అందుకని కింద కొబ్బరిపీచు, పైన గట్టి స్పాంజి వేసి, నడుము దగ్గర చిన్న దిండు పెట్టి కుడతాము.

రెగ్జిన్ మందం కదా, మొదటి వారం ఎన్ని సూదులు విరగ్గొట్టినానో. హర్ష సార్ ఏమీ అనలేదు. జాకెట్లు కుట్టిన చెయ్యి కాబట్టి మలుపులు బాగా వస్తా ఉండాయని నిన్న హర్ష సార్ మెచ్చుకున్నాడు.

పొద్దున లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుని లేస్తా ఉండావా ఇంకా? అత్తమ్మను అడిగినానని చెప్పు.

నీ
సారా


ఉదయగిరి,
2 జూలై 2024

ప్రియమైన సారాకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివినాను. అందులో హర్ష అనే పేరు ఐదుచోట్ల ఉండాది. సురేంద్రబాబు అనే పేరు ఒక్కచోట కూడా లేదు. తప్పు పట్టడం లేదు, కనిపించింది కాబట్టి చెప్తా ఉండాను.

నా నడుముకేమీ రోగం లేదు. పదహారేళ్ళ నుంచి ఇదే వ్యాను, ఇదే సీటు. నిన్న వరికుంటపాడుకి రెండు ట్రిప్పులు, దుత్తలూరుకి ఒకటి వేసినాను. దిగేటప్పుడు కొంచెం పట్టేస్తుంది. పట్టెయ్యని డ్రైవరు ఎవడుండాడు? చదువుకున్నోళ్ళు వచ్చి ఖాళీ ఉండాది, దిండు పెట్టాలంటే, ఇన్నాళ్ళూ మేమంతా ఎట్లా తోలినాము?

అమ్మ బాగానే ఉండాది. జాకెట్ల కోసం వచ్చినోళ్ళు నీ మిషను మీద దుప్పటి చూసి వెనక్కి పోతా ఉండారు. చర్చిలో కూడా అడుగుతా ఉండారంట, రెబెకమ్మా, మీ కోడలు ఎప్పుడొస్తుందని.

ఒక మాట. ఆ డ్రైవర్లకి కొలతలు ఎవరు తీస్తారు? ఊరికే అడుగుతా ఉండాను. ఆయనకు పెళ్ళయిందా? అది కూడా ఊరికే.

సుస్మితను జాగ్రత్తగా చూసుకో.

ఇట్లు
నీ బావ సురేంద్రబాబు


ఆత్మకూరు,
14 జూలై 2024

ప్రియమైన సురేంద్రబాబు బావకు,

పేరు రాసినాను, చూసుకో.

కొలతలు తీసేది నేనే. మొదట ఆయన తీసేవాడు. ఆయన తీస్తే డ్రైవర్లు ఊపిరి బిగబట్టి నిటారుగా కూర్చుంటారు, పరీక్షలో ఉన్నట్టు. ఇంటికి పోయినాక మామూలుగా వాలిపోతారు, అప్పుడు ఆ దిండు తప్పుచోట పొడుస్తుంది. నేనైతే వాళ్ళని కాసేపు మాటల్లో పెట్టి, మర్చిపోయి వాలినప్పుడు కొలుస్తాను. జాకెట్టు కొలతకు వచ్చినోళ్ళు కూడా అంతే గదా, పొట్ట లోపలికి పీల్చుకుంటారు.

ఇంకోటి కూడా చేసినాను. దిండును కుట్టెయ్యకుండా, లోపల సంచీలాగా కుట్టి, పైకీ కిందికీ జరుపుకునేట్టు పెట్టినాను. ఇప్పుడు అదే అడుగుతా ఉండారు అందరూ. కలువాయి నుంచి, సంగం నుంచి వస్తా ఉండారు. సారమ్మ సీటు అంటా ఉండారు బావా. నాకు నవ్వొచ్చింది. పెళ్ళి కాలేదు ఆయనకి. నువ్వడిగినావు కాబట్టి చెప్పినాను.

నీకు కూడా ఒకటి కుట్టినాను. మీ స్టాండులో తిరుపాలన్న ఇటు లోడు తెచ్చినాడు, ఆయన వ్యానులోనే పంపిస్తా ఉండాను. పొట్టిగా ఉంటావు కాబట్టి ముందంచు కొంచెం దించినాను, క్లచ్చు తొక్కేటప్పుడు తొడ కింద ఒరుసుకోకుండా. దిండు మాత్రం జరిగేది కాదు, కుట్టేసినాను. పద్ధెనిమిదేళ్ళ కాపురం, నీ నడుము నాకు టేపు పెట్టి చూడాలా?

బిగించుకుని ఎట్లుందో రాయి.

నీ
సారా


ఉదయగిరి,
30 జూలై 2024

ప్రియమైన సారాకు,

సీటు వచ్చింది. బాగుండాది.

స్టాండులో నన్ను చూసి, సారమ్మ మొగుడు వచ్చినాడు జరగండిరా అంటా ఉండారు. ఎగతాళికి కాదు, నిజంగానే చోటిస్తా ఉండారు. పదహారేళ్ళు ఈ ఊళ్ళో బండి తోలితే రాని మర్యాద నీ వల్ల వచ్చింది. సంతోషమే.

నిన్ను ఆయన కారులో నెల్లూరికి తీసుకపోయినాడని తెలిసింది. ఎవరు చెప్పినారని అడగొద్దు. పోయేదానివి నాకు ముందే చెప్పుంటే, ఇంకొకరి నోట వినే గతి నాకు పట్టేది కాదు.

దసరా సెలవులకు సుస్మితను తీసుకుని వచ్చెయ్. తర్వాత అది హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. నువ్వు ఇక్కడే ఉండి మునుపటి మాదిరి జాకెట్లు కుట్టుకో. అమ్మకు కూడా పెద్దతనం వచ్చింది. నేను బలవంతం చెయ్యడం లేదు. కానీ మొగుడు ఒకచోట, పెళ్ళాం ఒకచోట ఉంటే జనం ఏమనుకుంటారో నీకు తెలియంది కాదు.

అంతే. రాసేదానికి ఇంకేమీ లేదు.

ఇట్లు
సురేంద్రబాబు


ఆత్మకూరు,
11 ఆగస్టు 2024

బావకు,

ప్రియమైన అని రాయలేక రాయలేదు.

నిన్న తిరుపాలన్న షాపుకి వచ్చినాడు. "అమ్మా, నీ సీటు అందరికీ బాగుంటుందంట, నాకు మాత్రం దిండు పిర్రల మీద పొడుస్తా ఉండాది, ఏంది సంగతి" అన్నాడు. ఆ మనిషి ఎంత పొడుగో నీకు తెలుసు. వ్యాను దగ్గరకు పోయి చూసినాను. ముందంచు దించిన సీటు. నేను దించింది ఒక్క సీటుకే.

"ఇది ఎక్కడిది అన్నా" అంటే, "మీ ఆయనే ఇచ్చినాడు గదమ్మా, నాకొద్దు నువ్వు పెట్టుకోమని. బిగించింది కూడా ఆయనే" అన్నాడు పాపం, దాచాలని ఆయనకు తెలియదు.

వారం రోజులు అందరూ పోయినాక కూర్చుని కుట్టినాను దాన్ని. నచ్చలేదంటే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. బాగుండాది అని రాసినావే, ఆ ఒక్క ముక్కను సుస్మితకు కూడా చదివి వినిపించినాను.

నెల్లూరి సంగతి. పోయినాను. ఆయనా నేనూ ఇద్దరమే పోయినాము. నాలుగు అంగళ్ళలో స్పాంజి నొక్కి చూసినాము, హోటల్లో అన్నం తిన్నాము, సాయంత్రానికి వచ్చేసినాము. సాక్షులు లేరు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నేను మాత్రం ఇంకెవరినీ తెచ్చి నిలబెట్టను.

దసరాకి సుస్మిత వస్తుంది. నా సంగతి నాకే తెలియదు. ఇంక రాయను.

సారా


ఉదయగిరి,
10 సెప్టెంబరు 2024

ప్రియమైన సారాకు,

నెల నుంచి మూడు ఉత్తరాలు రాసి చించేసినాను. ఇది పడుకుని రాస్తా ఉండాను, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

పోయిన గురువారం వింజమూరు నుంచి ఖాళీ బండి వేసుకుని వస్తా ఉండాను. ముందర ఇస్కూలు పిల్లల ఆటో పోతా ఉండాది. కల్వర్టు దగ్గర ఆటో ఆగింది. నేను బ్రేకు తొక్కాలనుకున్నాను. కాలు లేదు సారా. ఉండాది గానీ లేదు. తొడ నుంచి కిందికి మొద్దుబారిపోయి, నేను చెప్పేది దానికి వినపడలేదు. స్టీరింగు పక్కకు తిప్పేసినాను. బండి రోడ్డు పక్క చిల్లకంప ముళ్ళపొదల్లోకి పోయి పక్కకు ఒరిగింది. పిల్లలకు ఏమీ కాలేదు. నాకు మోచెయ్యి గీసుకుపోయింది అంతే. ఆటోలో నుంచి ఒక పాప దిగొచ్చి, "మామా, నీళ్ళు తాగుతావా" అని సీసా ఇచ్చింది. ఆ పాప మొహం కళ్ళు మూసినా కనిపిస్తా ఉండాది.

నెల్లూరులో స్కాన్ తీసినారు. డిస్కు జరిగి నరాన్ని నొక్కుతా ఉండాదంట. మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. తర్వాత చూసి, ఆపరేషన్ కావాలో వద్దో చెప్తారంట. నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర, తిరుపాలు దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు నేనే చెప్తా ఉండాను.

సీటు సంగతి కూడా చెప్పాలి. నువ్వు పంపినరోజే దాన్ని బిగించుకుందామని స్పానరు తీసినాను. చీకటి పడిందని ఆగినాను, తర్వాత రేపు మాపు అంటా జరిపినాను. ఆ తర్వాత అనుకోకుండా సంగానికి లోడు తగిలింది, జూలై ఇరవై నాలుగున. ఆత్మకూరు మీదుగా పోతా, నీకు చెప్పకుండా బండి దూరంగా ఆపి, మీ షాపుకు ఎదురుగా రోడ్డుకు ఇవతల టీ అంగడిలో నిలబడినాను. హర్షను పట్టుకుందామనే, దాచేదేముంది. ఆయన మూలన కూర్చుని ఫోన్లో ఎవరితోనో తగాదా పడతా ఉండాడు. నీ వైపు చూడను కూడా లేదు.

నువ్వు ఒక ముసలాయనకు కొలత తీస్తా ఉండావు. తెల్ల మీసాలు, బండి మీద కలువాయి అని రాసుండాది. నువ్వేదో అడిగినావు. ఆయన చెయ్యి వెనక్కి పెట్టి చూపించినాడు. నువ్వు అక్కడ బొటనవేలు ఆనించి, తల వంచి, ఆయన చెప్పేదంతా విన్నావు. టీ చల్లారిపోయింది నాకు. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసినాను. ఎన్నాళ్ళ నొప్పినో చెప్పుకుంటా ఉండాడు.

నాకు ఒళ్ళు మండింది. డెబ్బై ఏళ్ళ ముసలాయన మీద. ఆ వినడం నాది అనుకున్నాను సారా. పద్ధెనిమిదేళ్ళలో నేను నీకు ఏమీ చెప్పుకోలేదు, అయినా అది నాకోసం దాచిపెట్టుంటావని అనుకున్నాను. చూస్తే ఎవరు కూర్చుంటే వాళ్ళకి ఇస్తా ఉండావు. ఆ సాయంత్రమే సీటు తిరుపాలుకు ఇచ్చేసినాను.

నొప్పి కుడిపక్క, కింద నుంచి మూడో ఎముక దగ్గర మొదలై, పిర్ర మీదుగా మోకాలి వెనక్కి దిగుతుంది. రెండేళ్ళ నుంచి. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పినాను.

నీ
సురేంద్ర


ఆత్మకూరు,
12 సెప్టెంబరు 2024

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం షాపులో విప్పినాను. చదివినాక మిషను ఆపేసి వెనక రేకుల కింద కూర్చుని ఏడ్చినాను. మొదట కోపం వచ్చింది, అత్తమ్మ మీద కూడా. తర్వాత ఆ పిల్లల ఆటో కళ్ళ ముందుకొచ్చి, కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

నేనూ ఒకటి దాచినాను.

ఈస్టరు పొద్దుటి ఆరాధనలో ప్రార్థనకు మోకరించినావు. అందరూ లేచినారు, నువ్వు లేవలేకపోయినావు. బెంచీ పట్టుకుని మెల్లగా లేచి, పక్కవాళ్ళను చూసి నవ్వినావు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూసినాను. అడిగితే ఏమీ లేదంటావని తెలుసు. అప్పటికే ఆత్మకూరులో ఇట్లాంటి సీట్లు చేస్తారని విన్నాను. సుస్మితకు ఉదయగిరి కాలేజీ బాగలేదని నేనే అందరితో అన్నాను. నిజానికి బాగానే ఉండాది. ఒక్క సీటు, నీకు సరిపోయే ఒక్క సీటు చెయ్యడం నేర్చుకుని, మూడు నెలల్లో వచ్చేద్దామని పోయినాను బావా. నీ నడుము కోసమే పోయినాను.

ఇంతవరకు రాసి ఆపేస్తే నేను చాలా మంచిదాన్ని అవుతాను. కానీ తర్వాత జరిగింది వేరే.

నువ్వు చూసిన కలువాయి ఆయన వారం తర్వాత మళ్ళీ వచ్చినాడు. పనేమీ లేదు. "అమ్మా, నిన్న తిరుపతి దాకా పోయి వచ్చినా, దిగి నడిచినా" అని చెప్పి పోయినాడు, అంతే. ఆ రోజంతా నాకు నేల మీద కాలు ఆనలేదు. సాయంత్రం సుస్మిత నాన్న ఫోన్ చేసినాడా అని అడిగేదాకా నువ్వు నాకు గుర్తుకు రాలేదు. పొద్దున నుంచి ఒక్కసారి కూడా. పెళ్ళయినాక అట్లాంటి రోజు అదే మొదటిది. భయమేసింది, బాగా కూడా అనిపించింది.

అందుకే చెప్తా ఉండాను. హర్ష మీద అనుమానం తప్పు, ముసలాయన మీద ఉక్రోషం తప్పు. నీ కుళ్ళు మాత్రం తప్పు కాదు. నీ దగ్గర నుంచి నన్ను లాక్కున్నది నిజంగానే ఒకటి ఉండాది. అది నా పని. నేను దాన్ని మానను. దసరాకి వచ్చి జాకెట్లు కుట్టుకుంటా కూర్చోను. ఇది నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా తెలిసి కష్టపడు, తెలియక కుళ్ళుకోవద్దు.

తిరుపాలన్న దగ్గరుండే ఆ సీటు గురించి ఇంకోటి చెప్పాలి. దిండు నేను ఎడమపక్కకు ఎత్తుగా కుట్టినాను, నువ్వు ఎడమకు వాలి నడుస్తావని. నొప్పి కుడిపక్కనని నీ ఉత్తరంలో చదివినాకే తెలిసింది, నువ్వు వాలేది నొప్పిని తప్పించుకోవడానికని. నువ్వు దాని మీద కూర్చునుంటే ఇంకా చెడేది. టేపు అక్కర్లేదన్నది నా పొగరు. ఈసారి అందరికీ తీసినట్టే తీస్తాను, నువ్వు చెప్తా ఉండాలి.

హర్ష సార్ పదిహేను రోజులు సెలవిచ్చినాడు. సుస్మిత హాస్టల్లో స్నేహితురాలి దగ్గర ఉంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ ఊళ్ళో ఉండాలనేది ఉత్తరాల్లో తేలేది కాదు, ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం.

శనివారం మొదటి బస్సుకి వస్తా ఉండాను. తలుపు గడి వెయ్యొద్దని అత్తమ్మకు చెప్పు. నేను వచ్చిన చప్పుడు విని నువ్వు మాత్రం లేవొద్దు.

నీ
సారా