మాడిన చక్కెర వాసన

కస్టారా, టొబాగో

అమ్మా, ప్రభువుకు స్తోత్రం! నీ కోడలు వెర్లిన్ గండం గడిచింది, ఇక ఏడవకు.

జ్వరం తగ్గినా మంచం దిగలేదు, గంజి ముట్టలేదు. నిన్న తనకోసం కోడికూర వండబోయాను. కూరకు రంగు రావాలని నూనెలో చక్కెర వేసి, అది ఎర్రబడేలోగా మోకరించి ప్రార్థనలో మునిగిపోయాను. చక్కెర మాడి ఇల్లంతా పొగ. ఆ వాసనకు వెర్లిన్ గోడ పట్టుకుని వచ్చేసింది.

"జరగవయ్యా! ప్రసంగాల్లో ఊరందరికీ నరకాగ్ని చూపిస్తావు, పొయ్యిమీద చక్కెర చూసుకోలేవూ?"

మళ్ళీ చక్కెర కాచి, కోడిముక్కలు వేసి తనే వండింది. తిడుతూనే తింది. చనిపోయిన యాయీరు కూతుర్ని లేపి, తినడానికి పెట్టమన్న ప్రభువు, నా ఇంట చక్కెర మాడ్చి మరీ లేపాడు!

మేక ఈనిందా? కూరలోకి థైమ్ ఆకు పంపు. పొయ్యి దగ్గర ప్రార్థన చేయొద్దని నిన్ను నాకు రాయమంటోంది నీ కోడలు. గట్టిగా రాయమ్మా, తనకు చదివి వినిపిస్తాను.

ప్రభువు నీకు తోడుండుగాక.
నీ కొడుకు ఎజ్రా