ఆ మలుపు దగ్గర ఇప్పపూలు

మార్తా,

బాగున్నావా? నువ్వు వెళ్ళిపోయి రేపటికి ఏడాది. అక్కడ ఉత్తరాలు చదివే తీరిక నీకు ఉంటుందో లేదో... నాకైతే రాసే తీరిక బోలెడంత ఉంది. రిటైరైనవాడికి ఇంతకంటే ఏం పని అంటావు. నువ్వు అనకపోయినా నాకు వినిపిస్తూనే ఉంటుంది.

గుమ్మడిదలలో మన ఇల్లు అలాగే ఉంది. వరండాలో నీ కుర్చీ తీయలేదు. పిల్లి ఒకటి వచ్చి అందులో పడుకుంటోంది, దాన్ని కూడా లేపడం లేదు. కరుణ కిష్టారెడ్డిపేట నుంచి వారం వారం వస్తోంది. మన అల్లుడే బండి మీద దింపి వెళ్తాడు. వచ్చీ రాగానే మన అమ్మాయి చేసే మొదటి పని ఫ్రిజ్ తెరిచి గిన్నెలన్నీ వాసన చూడడం. నేను పాచిపోయిన కూర తినేస్తానని భయం. భయపడడంలో తప్పు లేదులే. మొన్న విరిగిన పాలు నోట్లో పోసుకున్నాకే తెలిసింది. ముక్కు పనిచేయని మనిషి ఒంటరిగా ఉండడం ఎంత తంటానో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నువ్వు ఉన్నావు కదా, తెలియలేదు.

నా ముక్కు పోయిందని కనిపెట్టింది కూడా నువ్వే. గుర్తుందా? చేపల పులుసు పెట్టావు. ఏ వాసనా లేదు, ఇదేం పులుసు అని విసుక్కున్నాను. నువ్వు నా ముఖంలోకి చూసి, లేచి, ఒక ఉల్లిగడ్డ కోసి నా ముక్కు కింద పెట్టావు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాసన రాలేదు. రసాయనాల కంపెనీలో ఆ సాల్వెంట్ డ్రమ్ముల మధ్య పనిచేస్తూ ఎప్పుడు పోగొట్టుకున్నానో నాకే తెలియదు. పట్నం డాక్టరు ఇక తిరిగి రాదన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటే నువ్వు మోచేత్తో పొడిచావు.

"పోతే పోనియ్. నాది లేదా? ఇద్దరికి ఒక్క ముక్కు సాలదా ఏంది?"

అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది మార్తా.

అడవికి తీసుకెళ్ళింది కూడా నువ్వే. బొంతపల్లి దాటి పోతే వచ్చే ఆ అడవికి కంచె వేసి, లోపల నడిచే బాటలు తీసి, చెట్లకు పేర్ల పలకలు కట్టారని ఎవరో చెబితే విన్నావు. "కంపెనీ గాలి మింగింది సాలు. ఇగ అడవి గాలి మింగుదువు పా" అన్నావు. ఆదివారం ఆరాధన కాబట్టి శనివారం పొద్దున్న మనది.

గేటు దాటగానే నా చెయ్యి పట్టుకునేదానివి. ఊళ్ళో, చర్చిలో, పెళ్ళిళ్ళలో ఎప్పుడూ పట్టుకున్నదానివి కాదు. అక్కడ మాత్రం పట్టుకునేదానివి. టేకు చెట్ల కింద ఇంకా చీకటి పూర్తిగా విడిపోయేది కాదు. పొగమంచు నేల మీద మెల్లగా కదిలేది. ఎక్కడో నెమలి అరిచేది, ఎక్కడో ఇంకొకటి పలికేది. ఒక కుందేలు బాట మధ్యలో కూర్చుని, మనల్ని చూసి, తొందరేమీ లేనట్టు పొదలోకి వెళ్ళిపోయేది.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పనా? వాసన తెలియనివాడికి అడవి అద్దం వెనక పెట్టినట్టు ఉంటుంది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ దగ్గరికి రాదు. నువ్వు మాట్లాడడం మొదలుపెడితేనే ఆ అద్దం జరిగేది.

"ఇగో, తడిమట్టి. రాత్రి జెరంత వాన పడ్డట్టుంది."

"ఆగు... కొడిశపూలు. మల్లెల లెక్కనే ఉంది గని జెర పచ్చిగ ఉంది."

"గీడ జింకలు పండి లేసినయి. మేకల దొడ్డి వాసనొస్తంది, సూడు."

చూసేవాణ్ణి. నిజంగానే గడ్డి అణిగి ఉండేది. కొంచెం ముందుకు పోతే చుక్కల జింకలు తలలెత్తి మన వైపే చూస్తూ నిలబడి ఉండేవి. నువ్వు గొంతు తగ్గించి చెబుతూ ఉంటే నేను నిద్రలో నడుస్తున్నట్టు నీ వెంట నడిచేవాణ్ణి. ఎంత దూరం నడిచామో, ఎంతసేపైందో తెలిసేది కాదు.

అప్పుడు వాగు వచ్చేది. వాగు దిగాక బాట ఎడమకు తిరిగే చోట ఒక నున్నటి బండ ఉంటుంది కదా... మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు నువ్వు నడుస్తున్నదానివి టక్కున ఆగిపోయావు. ఇక్కడ ఏం వాసన అని నేనే అడిగాను.

"ఇప్పపువ్వు" అన్నావు.

ఆ ఒక్క మాటతో నాకు ఒళ్ళు ఝల్లుమంది. చిన్నప్పుడు తెల్లవారకముందే అమ్మ వెనకే వెళ్ళి ఇప్పపూలు ఏరేవాణ్ణని నీకు ఎన్నిసార్లు చెప్పానో. అమ్మ ఒడి నిండా ఆ పూలు. ఆ తీపి, ఆ మత్తు. ముక్కు పోయినా ఆ వాసన నా తలలో ఎక్కడో దాక్కుని ఉంది. నువ్వు పేరు చెప్పగానే బయటికి వచ్చింది. ఇక్కడే కూర్చుందామని పట్టుబట్టాను.

ఇక ప్రతి శనివారం ఆ బండే మన చోటు. నేను కళ్ళు మూసుకుని గాలి గుండెల నిండా పీల్చేవాణ్ణి. "సాలు లెవ్వు, ఎండ కొడుతంది" అని నువ్వు అనేదాకా కదిలేవాణ్ణి కాదు. అన్నా కదిలేవాణ్ణి కాదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనేవాణ్ణి.

నువ్వు పోయాక అటు వెళ్ళలేదు. ఎవరు చెబుతారని వెళ్ళను?

పోయిన నెల కరుణే బలవంతం చేసి తీసుకెళ్ళింది. ముసురు పట్టి ఉంది. అడవంతా పచ్చగా, మెత్తగా, కల గన్నట్టు ఉంది. వాగు దాటాం. ఆ బండ దగ్గరికి రాగానే కరుణ చున్నీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ... ఏంది నాయినా ఈ కంపు! నడువు నడువు, జల్దీ."

కంపేమిటమ్మా, ఇప్పపూలు కదా అన్నాను. అది ఆగి నన్ను వింతగా చూసింది.

"వానకాలంల ఇప్పపువ్వేంది నాయినా? గిది కంపెనీల గ్యాసు. గాలి ఇటు మర్రినప్పుడల్లా వచ్చి గీ లోతట్టుల కూసుంటది. గీడికి నడవనొచ్చేటోళ్ళందరికీ ఎరికే."

పల్లెలో పుట్టిన మనిషిని. ఇప్ప ఎండాకాలంలో పూస్తుందని నాకు తెలియదా? నువ్వు వానల్లో ఇప్పపువ్వు అన్నావు, చలిలో ఇప్పపువ్వు అన్నావు. ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. నమ్మాలని అంత ఉబలాటంగా ఉన్నానా?

కోపం వచ్చింది మార్తా. దాచడం ఎందుకు, నీ మీద చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చి నీ ఫోటో వైపు చూడకుండా అన్నం తిన్నాను. ఇదొక్కటేనా, మిగతావన్నీ కూడా అల్లి చెప్పావా అనిపించింది. కొడిశపూలు? తడిమట్టి? జింకలు పడుకున్న గడ్డి? నాకు మిగిలినదల్లా ఆ అడవే. అదీ ఉత్తదేనా? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ వారంలోనే పాస్టర్ గారు వచ్చారు. ఏడాది కాబట్టి ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు. భర్తగా నువ్వు సాక్ష్యం చెప్పాలి జీవరత్నం అన్నారు. నీ గురించి సాక్ష్యం అంటే నేను చెప్పే మాట ఒకటే కదా. సంఘంలో అందరికీ తెలుసు. మా మార్త అబద్ధం ఆడి ఎరగదు. పెళ్ళైన కొత్త నుంచీ అంటున్నాను. ఆ మాట ఇప్పుడు ఏ నోటితో చెప్పను? దేవుని వాక్యం చదివిన చోట నిలబడి...

మరుసటి వారం కరుణను మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి అడుగడుక్కీ ఆపి అడిగాను. ఇక్కడ ఏం వాసన? ఇక్కడ? పాపం, అది ఓపికగా చెప్పింది. తడిమట్టి అంది. గడ్డి అణిగిన చోట జింకల వాసన అంది. నీ కొడిశచెట్టు దగ్గర పూలు అయిపోయాయి గానీ, ఎండాకాలంలో మల్లెల్లాగే ఉంటుంది అంది. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి మార్తా. ఒక్కటీ అల్లినది కాదు.

ఆ ఒక్క చోటు తప్ప.

ఈ రోజు తెల్లవారకముందే ఒక్కణ్ణే వెళ్ళాను. కరుణకు తెలిస్తే తిడుతుంది, నువ్వు చెప్పకు. రాత్రంతా వాన కురిసి ఆగింది. చెట్ల నుంచి ఇంకా చినుకులు రాలుతున్నాయి. వాగు దాటి ఆ బండ మీద కూర్చున్నాను. బాట మీద నడిచేవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఆ మలుపులోకి రాగానే ఒకాయన తువ్వాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని గబగబా నడిచారు. కూర్చున్న నన్ను చూసి, పిచ్చివాడేమో అన్నట్టు తిరిగి తిరిగి చూశారు.

అప్పుడు తట్టింది.

నువ్వు ఒక్కసారి కూడా కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇన్ని శనివారాల్లో ఒక్కసారి కూడా. కొంగు ముక్కు దాకా వెళ్తే నాకు తెలిసిపోతుందని. నా పక్కనే, నేను ఇంకాసేపు ఇంకాసేపు అన్నప్పుడల్లా, ఆ కంపులో ఊపిరి తీసుకుంటూ కూర్చున్నావు. ఇంటికొచ్చాక తల పట్టుకుని పడుకునేదానివి. ఎండ తగిలింది అనేదానివి. ఎండేనా మార్తా?

ఆ కంపెనీని వదిలేసి అడవిలోకి వచ్చానని నేను మురిసిపోయాను. అది నా వెనకే వచ్చి మన బండ దగ్గర కూర్చుంది. ఆ సంగతి నాకు తెలియనివ్వలేదు నువ్వు. నా ముక్కు తీసుకున్నది చాలు, నా అడవి కూడా తీసుకోవద్దనుకున్నావు. అంతే కదా?

అక్కడే కాసేపు కునుకు పట్టిందనుకుంటాను. కళ్ళు తెరిచేసరికి నెమలి ఒకటి తడిసిన తోక ఈడ్చుకుంటూ బాట దాటుతోంది. పక్కన బండ మీద నువ్వు కూర్చునే చోటు కొంచెం ఆరి ఉన్నట్టనిపించింది. చేత్తో తడిమి చూశాను. తడిగానే ఉంది. గాలి గుండెల నిండా పీల్చాను. అద్దం మళ్ళీ జరిగింది. ఆ మలుపు దగ్గర ఇప్పపూల వాసన తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కణ్ణే. నువ్వు ఇచ్చావు గనుక అది నాకు ఉంది. కంపెనీ వాళ్ళు ఎంత గాలి వదిలినా అది పోదు.

ఏడ్చాను. చెట్ల మీంచి చినుకులు పడుతున్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

రేపు సాయంత్రం కూడిక. కుర్చీలు చెప్పాను. వానొస్తే ఎలా అని కరుణ పరేషాన్ అవుతోంది. పాస్టర్ గారు నా పేరు పిలుస్తారు. లేచి నిలబడతాను. అందరి ముందు చెబుతాను, మా మార్త జన్మలో అబద్ధం ఆడి ఎరగదని. కరుణ తలెత్తి నా వైపు చూస్తుంది. చూడనీ. ప్రభువుతో నేను మాట్లాడుకుంటాను.

ఇన్నేళ్ళూ నా కోసం నువ్వు ఆడావు. రేపు నీ కోసం నేను ఆడతాను. నీలాగే... ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా.

ఉంటాను మరి.

నీ
జీవరత్నం