రెండో పళ్ళెం

నా బంగారు అక్కకి,

ఈ ఉత్తరం నీకు సెలైన్ పెట్టే నర్సమ్మ పేరున పంపుతున్నాను. ఇంటికి రాస్తే బావ విప్పుతాడు, ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతాడు. నువ్వు జబ్బు పడ్డప్పటి నుంచి నీ ఫోనుకి కూడా ఆయనే కాపలా. చదివాక చింపెయ్యి. కానీ పూర్తిగా చదువు, నీకు దణ్ణం పెడతాను.

పోయిన నెల వచ్చినప్పుడు మా ల్యాబు సంగతి చెప్పాను, గుర్తుందా? చైనా వాళ్ళ పాత వైద్యంలో వాడే ఒక వేరులోంచి మేం ఒక పదార్థాన్ని విడదీశామనీ, గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి చచ్చిపోయాయనీ గొప్పలు పోయాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు. బావ మాత్రం గరిట పట్టుకునే వంటింట్లోంచి వచ్చాడు. "ఏం వేరు, మరదలు పిల్లా? పేరు మళ్ళీ చెప్పు" అన్నాడు. నేను సంబరంగా చెప్పాను. నా నోరు పడిపోను!

మొన్న ఆయనే ఫోన్ చేశాడు. "నీ వేరు ఇక్కడా దొరికింది. మూలికల కొట్టువాడు తెప్పించి పెట్టాడు. మూడు వారాల నుంచి మీ అక్కకి రోజూ కషాయం కాచి ఇస్తున్నా" అన్నాడు. 

అక్కా, పళ్ళెంలో కణాలు చావడం గొప్ప కాదు. బట్టల సోడా పోసినా చస్తాయి. ఆ పదార్థం ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో, నీకు ఎక్కిస్తున్న క్యాన్సర్ మందుతో కలిస్తే ఏం చేస్తుందో మాకే తెలియదు. తేలడానికి ఏళ్ళు పడుతుంది, తేలకుండానే పోవచ్చు కూడా. పైగా మాది వేరులోంచి తీసిన ఒక్క పదార్థం, కషాయంలో వేరు మొత్తం దిగుతుంది. ఇంకో సంగతి. రెండో పళ్ళెంలో మంచి కాలేయ కణాలు పెట్టి అదే వేశాం. అవీ చచ్చాయి. ఈ వారమే తెలిసింది. నీ రక్తపరీక్ష చూసి డాక్టరుగారు మందు వాయిదా వేశారని విన్నాను. అది ఈ కషాయం వల్లేనేమోనని నా భయం.

ఆపమని బావ మీద కేకలేశాను. "సరేలే, ఆపేస్తాలే" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. తను వంట చేసే క్యాంటీన్‌లో కూర మాడితే "ఏం కాలేదు" అంటూ మూత పెట్టే గొంతు. రుచి చూడకుండా ఎవరి ముందూ గిన్నె పెట్టని వంటవాడు, నీ విషయంలో మాత్రం కళ్ళు మూసుకుని నా మాట నమ్మాడు. నువ్వు తాగకు. డాక్టరుగారికి అంతా చెప్పు. నీకేమైనా అయితే నేను ఆ ల్యాబు గడప తొక్కలేను.

భయంతో చస్తున్న నీ
బుడంకాయ

*

ఒసే బుడంకాయా,

సెలైన్ కోసం ఆసుపత్రికి వచ్చినప్పుడు నర్సమ్మ నీ ఉత్తరం ఇచ్చింది. ముందు ఊపిరి పీల్చుకో. ఆ కషాయం నేను ఒక్క గుక్క కూడా తాగలేదు. నాకు తెల్లకణాలు తగ్గాయని వాయిదా వేశారు, అంతే.

తనకి చెప్పకుండా ఏ ఆకూ అలమూ నోట్లో పెట్టొద్దని డాక్టరుగారు మొదట్లోనే అన్నారు. మీ బావ గ్లాసు తెస్తే "చల్లారాక తాగుతా" అనేదాన్ని. ఆయన క్యాంటీన్‌కి పోగానే బాత్రూమ్ తూములో పోసేదాన్ని. ఎందుకు చెప్పలేదంటావా? నా జబ్బు తెలిసిన దగ్గర నుంచి ఆ మనిషి ఈల వెయ్యడం మానేశాడు. ఆ వేరు దొరికిన రోజు మళ్ళీ ఈల వేస్తూ పొయ్యి ముందు నిలబడ్డాడు. ఆ ఈల పోగొట్టడం నా వల్ల కాలేదే.

నీ ఉత్తరంలో రుచి చూడకుండా గిన్నె పెట్టడన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ బావ బయట టీ తాగి రాగానే ఆయన మొహం కిటికీ వెలుగు వైపు తిప్పి చూశాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నువ్వెంత తాగావు?" అన్నాను.

"నీకు పడుతుందో లేదో తెలియొద్దూ? ముందు నేనో గ్లాసు తాగి, గంటాగి, నాకేం కాకపోతేనే నీకిచ్చేవాణ్ణి" అన్నాడు.

రోజూనటే, రోజూ! నువ్వు ఆపమన్నాక కూడా. వెంటనే అక్కడే రక్తం తీశారు. కాలేయం దెబ్బతింది. పక్క వార్డులో చేర్చుకున్నారు. కోలుకోవచ్చంటున్నారు, గట్టిగా మాత్రం అనడం లేదు. తూము సంగతి చెప్పేశాను. కోప్పడతాడనుకుంటే, "అమ్మయ్య, నువ్వు తాగలేదా!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆ వేరు గురించి డాక్టరుగారు ఈపాటికి మీ ల్యాబుకి ఫోన్ చేసే ఉంటారు. ఫోన్‌లో ఇదంతా చెప్పలేను, అందుకే రాస్తున్నాను. నా సెలైన్ స్టాండు తోసుకుంటూ ఇప్పుడు నేనే ఆయన మంచం దగ్గరికి పోతున్నాను. నీ పని మానతానని పిచ్చి మాటలు మాట్లాడకు. ఒకసారి రా. వచ్చి ఆయన పక్కన కూర్చో. ఈసారి రెండు పళ్ళేల సంగతీ చెప్పు.

పొద్దున ఈల వెయ్యబోయాడు. రాలేదు.

నీ అక్క