ఏటిదయ్యం రుచి

వదినా,

నువ్వు చెప్పినట్టే రేవుకు వెళ్లి, మన సుమియె చేసుకుంటానంటున్న అబ్బాయిని చూశాను. పేరు రియోకిచి. తండ్రి సుషి కొట్లోనే పని. పచ్చిచేపలు తినే ఇంటికి పిల్లనివ్వనని అన్నయ్య పట్టుబట్టాడు కదా, ముందు నేనే తిని చూద్దామనుకున్నాను.

గోడకు వేలాడే చెక్కల మీద అన్నీ చేపల పేర్లే. కొండల్లో పుట్టినదాన్ని, ఉప్పుచేప తప్ప ఎరగను. ఒక చెక్క మీద మాత్రం ‘ఏటిదయ్యం’ అని ఉంది. దయ్యాన్ని ఎక్కడైనా వడ్డిస్తారా, వీళ్ల మోసం బయటపెడదామని అదే పెట్టమన్నాను.

"మొదటిసారే దయ్యాన్నా! గట్టి మనిషివేనమ్మా," అన్నాడు అబ్బాయి తండ్రి, ముసలాయన.

కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను. కరకరలాడింది. అన్నంలో చుట్టిన కీరదోసకాయ!

"దయ్యానికి కీరదోసంటే ప్రాణం కదత్తయ్యా, అందుకే ఆ పేరు," అన్నాడు అబ్బాయి, నవ్వాపుకుంటూ. అప్పుడే అత్తయ్యనైపోయాను. ఏటా మన పెరట్లో కాసిన తొలి కీరదోసను దయ్యానికని ఏట్లో వదిలే మనిషిని, నాకు తట్టనే లేదు.

"ఇంత చప్పటి కాయకు ఏ దయ్యమూ రాదు నాయనా," అన్నాను.

ముసలాయన పడీపడీ నవ్వి, ఎర్రటి చేపముక్క పెట్టిన సుషి ముందుకు జరిపాడు. ఆ నవ్వులో అదీ తినేశాను. బాగుంది. ఆ ఇంట్లో పిల్ల సుఖపడుతుంది.

అన్నయ్యకు ఇవేవీ చెప్పకు. "ఆ కొట్లో ఏటిదయ్యాన్ని వడ్డిస్తారట, మీ చెల్లెలు తినొచ్చింది, మీవల్ల కాదులెండి," అని మాత్రం అను. ఆదివారం బస్సుకు తనే ముందు నిలబడతాడు. మన పెరటి కీరదోసకాయలు బుట్టెడు చేతికివ్వు. ఎందుకో చెప్పకు.

నీ ఆడపడుచు