‘తిట్టకండి’ అన్న పాపానికి

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: ఆటల కంపెనీ వారు మా చెల్లెలిపై మోపిన ‘అసభ్య భాష’ నిందను తొలగింపజేయుట గురించి.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. అర్జీ రాయడం ఇదే మొదలు. గ్రంథాలయంలో పాత నమూనాలు చూసి, నిఘంటువు పక్కన పెట్టుకొని రాస్తున్నాను. ఎక్కడైనా భాష మితిమీరితే అందులో కొంత నా ఉత్సాహం, మిగతాది అసహ్యం అని గ్రహించ ప్రార్థన.

1. మా ఇంట్లో కంప్యూటరు ముందుగదిలో, అమ్మ కుట్టుమిషనుకి ఎదురుగా ఉంటుంది. మేం ఏం చూస్తున్నామో కనబడాలని అమ్మే అక్కడ పెట్టించింది. ఏడో తరగతి చదువుతున్న మా చెల్లెలు దానిమీద నలుగురు జట్టుగా ఆడే ఒక ఆట ఆడేది. ఆటలో దాని పేరు ఉడత. దాని పని వంతెనలు కట్టడం. జట్టులో వాళ్ళు మాట్లాడుకోవాలంటే టైపు చేసి పంపుకోవాలి. తెలుగు మాటలైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, వేరే అక్షరాలు ఆ ఆట తీసుకోదు.

2. పై ఆటలో ‘రారాజు’ అను జట్టువాడు వంతెన కూలిందన్న కోపంతో ఉడతను తిట్టాడు. తెలుగులోనే తిట్టాడు. మా అమ్మను కూడా కలిపి తిట్టాడు. సదరు మాటలను ఇక్కడ ఉదహరించను. వాటిలో ఒకదాన్ని నిఘంటువులో వెతికాను. ఉంది. పుట మూసేశాను. చెల్లి అందుకు జవాబుగా ఒకే ఒక్క మాట పంపింది: “తిట్టకండి.” పెద్దవాడేమోనని ‘అండి’ కూడా చేర్చిందట.

3. వెంటనే తెర నల్లబడింది. అమ్మ ఫోనుకి సందేశం వచ్చింది: ‘మీ సంరక్షణలోని బాలిక తీవ్రమైన అసభ్య పదజాలం వాడినందున శాశ్వతంగా బహిష్కరించడమైనది.’ దిండుగలీబులు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది. అమ్మ సందేశాన్ని పైకి చదివాక గానీ ఏం చదివిందో తనకే తెలియలేదు. మిషను ఆపింది.

“ఏమన్నావే?”

“తిట్టకండి అన్నానమ్మా.”

“తిట్టొద్దంటే ఎవరైనా గెంటేస్తారా? నా చెవిలో పువ్వులు పెట్టకు.”

“ఒట్టు. అంతే అన్నాను.”

“అంత పెద్ద కంపెనీవాడికి నీ మీద పగేమన్నా ఉందా,” అంది పెద్దమ్మ. “ఊరికే రాస్తాడా? కింద ముద్ర కూడా వేశాడు చూడు.”

ఆ ముద్ర కంపెనీవారి గుర్తు. నవ్వుతున్న నక్క.

4. కారణం నేను కనిపెట్టాను. ‘తిట్టకండి’ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మొదటి మూడూ టి, ఐ, టి. ఆ మూడూ కలిస్తే ఆంగ్లంలో ఒక మోటుమాట. కంపెనీవారి యంత్రానికి ఆ మూడక్షరాలే తెలుసు, వెనక వచ్చే తెలుగు తెలియదు. ఆ మోటుమాట మా చెల్లికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. కంపెనీవారే నేర్పారు.

నా సొంత ఖాతాలో పరీక్షించి చూశాను. ‘అస్సలు’ అని కొడితే మొదటి మూడక్షరాలు పోయి చుక్కలు వచ్చాయి, ఆ తరువాత ‘ఆలు’ మిగిలింది. ‘తిట్టు’ అన్నా చుక్కలే. ఆ తరువాత రారాజు అన్న వాక్యాన్ని, కామా కూడా వదలకుండా, నా చేత్తో నేనే కొట్టాను. ఒక్క చుక్క పడలేదు. శుభ్రంగా వెళ్ళిపోయింది. నేను వెళ్ళి చేతులు కడుక్కొని వచ్చాను.

పెద్దల ఖాతాలకైతే చుక్కలు వేసి ఊరుకుంటారట. పిల్లల ఖాతాలనైతే ఏకంగా గెంటేస్తారట. ఇది పిల్లల రక్షణ కోసమట. సదరు రారాజు ఈ రోజుకీ ఆడుతున్నాడు. పేరు పక్కన ‘సత్ప్రవర్తన’ పతకం ఉంది.

5. కంపెనీవారికి విన్నవించుకున్నాను. మీట మీదినుంచి నా వేలు లేవకముందే జవాబు వచ్చింది: ‘మీ విన్నపాన్ని మా నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు.’ క్షుణ్ణము అన్న మాటకు నిఘంటువులో ‘నలగ్గొట్టబడినది’ అని అర్థం ఉంది. ఆ అర్థంలో వారు నిజమే రాశారు.

6. నేను ఆటలను ద్వేషించేదాన్ని కాను. ఆ ఆటలో వంతెన కింద నీళ్ళలో వంతెన నీడ కదులుతుంది. ఎవరో ప్రేమగా గీశారు. నీడ మీద పెట్టిన శ్రద్ధ మాట మీద పెట్టలేదు. నీడైతే అమ్ముడుపోతుంది కాబోలు. మూత తీస్తే గానీ లోపలేముందో తెలియని పెట్టెలు పిల్లలకి అమ్మి, దానికి ‘ఆశ్చర్యం’ అని పేరు పెట్టారు. మా వీధి చివరి గదిలో పెద్దవాళ్ళు పేకముక్కలతో ఇంచుమించు అదే పని చేస్తే పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. ‘రండి, ఆడండి, గెలవండి’ అని పిల్లల్ని చక్కటి తెలుగులో పిలిచారు. అంటే ‘అండి’ వారికి తెలుసు. పిలవడానికి వచ్చిన తెలుగు వినడానికి మాత్రం రాలేదు. బహిష్కరించిన తరువాత కూడా ‘ఉడత గారూ, మీకోసం బంగారు తోక, వెంటనే కొనండి’ అని అమ్మ ఫోనుకి సందేశాలు ఆగలేదు. ఆడే తలుపు మూసేసి, కొనే కిటికీ తెరిచి ఉంచారు. ఇంతకంటే పెద్ద మాట రాద్దామని నిఘంటువంతా తిరగేశాను. ‘ఛీ’ అన్నదే సరిపోయింది.

7. అసలు నష్టం ఇది. మా చెల్లి పుట్టుబద్ధకస్తురాలు. రోజుకోసారైనా అమ్మ చేత చీవాట్లు తినేది. తిన్నప్పుడల్లా “తిట్టకమ్మా” అని అమ్మ నడుం పట్టుకు వేలాడేది. అమ్మకి నవ్వొచ్చేది, తిట్టు అక్కడితో ఆగేది. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. అమ్మ తిడుతూ ఉంటుంది, అది గోడకి ఆనుకుని వింటూ ఉంటుంది. ఎక్కడ ఆపాలో అమ్మకి తెలియడం లేదు. పెద్దమ్మ తన పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేసింది.

కావున నేను కోరునది ఒక్కటే. ఖాతా అక్కరలేదు, ఇచ్చినా చెల్లి ఆడదట. ‘ఈ అమ్మాయి ఏ చెడ్డ మాటా అనలేదు’ అని, తెలుగు తెలిసిన మనిషి ఒకరు తన చేత్తో రాసి, అమ్మ ఫోనుకే పంపేటట్టు కంపెనీవారిని ఆదేశించ ప్రార్థన. కావాలంటే నక్క ముద్ర వేసుకోవచ్చు. పెద్దమ్మకి అదే నమ్మకం.

తమరు ఆ మాటను ఒకసారి పైకి పలికి, చెవితో విని, ఆ తరువాతనే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఉడత అక్క

తా.క. కవరు అంటించే ముందు ముందుగదిలో కూర్చుని దీన్ని పైకి చదివాను. అమ్మ మిషను ఆపలేదు గానీ కుట్టు వంకరపోయింది. చెల్లి వచ్చి నా భుజం మీదుగా కాగితంలోకి చూసింది. “అక్కా, ఆ మాట దగ్గర చుక్కలు పెట్టెయ్. లేకపోతే నిన్నూ గెంటేస్తారు” అంది. అది పరిహాసానికి అనలేదు. నేను పెట్టలేదు. తమరూ పెట్టవద్దు.